వాకీటాకీ సెట్లు ఆఖర్న కొనండి

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ మీద తీరం దాటిన మధ్యాహ్నం నేను నగర శివారులోని ఒక కర్మాగారంలో, అగ్నిమాపక కేంద్రం వైర్‌లెస్ గదిలో ఉన్నాను. కరెంటు లేదు. సెల్‌ఫోన్లు అప్పటికే మూగబోయాయి. మాకు మిగిలింది బల్ల మీది బేస్ సెట్టు ఒక్కటే. ఏడాది కిందటే కొన్న కొత్త సెట్టు అది. దానితో పాటు పన్నెండు హ్యాండ్‌సెట్లు కూడా కొన్నారు.

అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో మా జీపు మీద చెట్టు విరిగి పడింది. లోపల ముగ్గురున్నారు, ఒకరి కాలు ఇరుక్కుపోయింది. వాళ్ళు హ్యాండ్‌సెట్టులో మమ్మల్ని పిలుస్తూనే ఉన్నారు. నేనూ వాళ్ళను పిలుస్తూనే ఉన్నాను. నా గొంతు వాళ్ళకు స్పష్టంగా వినిపించింది. వాళ్ళ జవాబు మాత్రం నాకు చేరలేదు. గాలి కాస్త తగ్గాక ఒకతను నడిచి వచ్చి చెబితే తప్ప సంగతి తెలియలేదు. మూడు గంటలు గడిచిపోయాయి. కాలు ఇరుక్కున్న ఆయన బతికాడు, కాలు కూడా దక్కింది. కానీ ఆ మూడు గంటలూ ఆయన నా గొంతు వింటూ, ఎవరూ రాక, అక్కడే ఉన్నాడు. ఆ సంగతి ఇప్పటికీ నా మనసులో నుంచి పోలేదు.

వారం తరువాత యాంటెన్నా నిలబెట్టిన మాస్టు మీదికి మనిషిని ఎక్కించి చూశాం. కొత్త సెట్టును యాంటెన్నాకు కలిపింది పాత కేబులే. కనెక్టర్ విప్పితే నీళ్ళు కారాయి. లోపలి రాగి అల్లిక పచ్చగా చిలుము పట్టి ఉంది. బేస్ సెట్టు 25 వాట్లతో ప్రసారం చేస్తుంది కాబట్టి కేబుల్ ఎంత మింగినా ఇంకా కొంత బయటికి పోయింది. హ్యాండ్‌సెట్టుది 5 వాట్లు. అది పంపిన బలహీనమైన సంకేతం యాంటెన్నా దాకా వచ్చి, ఆ చిలుము పట్టిన కేబుల్‌లో ఇంకిపోయింది. డబ్బంతా సెట్లకు పెట్టారు. కేబుల్‌ను ఎవరూ విప్పి చూడలేదు. దాన్ని చూడాల్సిన వాళ్ళలో నేనూ ఒకరిని.

26 ఏళ్ళు వైర్‌లెస్ పని చేసి పదవీ విరమణ పొందాను. జిల్లా కంట్రోల్ రూమ్‌లోగానీ, అగ్నిమాపక కేంద్రంలోగానీ, రేవులోగానీ, పరిశ్రమ భద్రతా విభాగంలోగానీ పాత వాకీటాకీ వ్యవస్థను మార్చే బాధ్యత మీకు అప్పగిస్తే, నేను ఏ వరసలో చేస్తానో ఇక్కడ రాస్తున్నాను. సెట్లు ఈ వరసలో చివరికి వస్తాయి.

ముందు ఒక పెద్ద కాగితం

సరఫరాదారును పిలవకండి. తెల్ల చార్టు ఒకటి గోడకు అంటించండి. పోలీసు, అగ్నిమాపక, 108, రెవెన్యూ, మహానగరపాలక సంస్థ, విద్యుత్, మత్స్యశాఖ, రేవు, తీర రక్షక దళం, పరిశ్రమల భద్రతా విభాగాలు, ఇలా అందరి పేర్లూ అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి రాయండి. ఇప్పుడు ఎవరు ఎవరితో నేరుగా మాట్లాడాలో ఆ గళ్ళలో గుర్తు పెట్టండి. శాఖ పేరుతో ఆలోచిస్తే ఈ పని తేలదు. ఒక సంఘటనను కళ్ళ ముందు పెట్టుకోండి.

2023 నవంబరు 19 రాత్రి చేపల రేవులో పడవలు తగలబడిన సంఘటనే తీసుకోండి. గట్టు మీద అగ్నిమాపక సిబ్బంది, నీళ్ళలో పడవల వాళ్ళు, గేటు దగ్గర జనాన్ని ఆపుతున్న పోలీసులు, వెనుక అంబులెన్సు. పడవలో గ్యాసు సిలిండరు ఉందని మత్స్యకారుడికి తెలుసు. ఆ మాట గొట్టం పట్టుకున్న మనిషి చెవికి ఎన్ని చేతులు మారి చేరుతుంది? రెండు చేతులకు మించితే మీ చార్టులో ఒక గడి ఖాళీగా ఉందన్నమాట.

ఈ ఖాళీ గడి ఎంత ప్రాణాంతకమో ప్రపంచం 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో చూసింది. వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట భవనాల పరిస్థితి గురించి పోలీసు హెలికాప్టర్ల నుంచి వచ్చిన హెచ్చరికలు లోపల మెట్లెక్కుతున్న అగ్నిమాపక సిబ్బందికి అందలేదు. రెండు శాఖలవీ వేరు వేరు రేడియోలు. ఆ రోజు 343 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ తరువాత అమెరికా కౌంటీలు, అంటే దాదాపు మన జిల్లాల వంటివి, ఈ గడులు నింపడానికి రేడియోల మీద చాలా ఖర్చు పెట్టాయి. అన్ని కంపెనీల సెట్లూ ఒకదానితో ఒకటి మాట్లాడాలన్న ప్రాజెక్ట్ 25 ప్రమాణం 1989 నుంచే తయారవుతూ వచ్చినా, దాని అవసరం అందరికీ అర్థమైంది అప్పుడే.

మనకు ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖ జిల్లా మూడు జిల్లాలైంది. పరవాడ ఫార్మా పరిశ్రమలు అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళాయి, గాజువాక విశాఖలోనే ఉంది. పరవాడలో ప్రమాదం జరిగితే గాజువాక వైపు నుంచీ వాహనాలు పరుగెత్తాలి. జిల్లా హద్దు దాటగానే సెట్టు మూగబోకూడదు. పొరుగు జిల్లా అధికారులను చార్టు ముందు కూర్చోబెట్టుకుని, ఉమ్మడి ఛానల్ ఒకటి ఇప్పుడే రాయించుకోండి. ఛానళ్ళ జాబితా తయారైపోయాక అడిగితే అది మళ్ళీ ఏడాది పని.

కాళ్ళతో కొలవండి

సరఫరాదారు రంగురంగుల కవరేజీ పటం ఇస్తాడు. అది కంప్యూటర్ వేసిన అంచనా. మంచిదే, కానీ నేను దానిమీద సంతకం పెట్టను. మీ పటం మీరే గీసుకోవాలి.

ఇద్దరు మనుషులు, రెండు హ్యాండ్‌సెట్లు, ఒక నోటుపుస్తకం చాలు. ఒకరు కంట్రోల్ రూమ్‌లో కూర్చుంటారు. రెండో మనిషి ఊరంతా తిరుగుతూ ప్రతి చోటా ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టి, ఒక వీధి పేరు చెబుతారు. విన్నవారు అయిదు మార్కులకు వేస్తారు. ఒక్కసారికే అర్థమైతే నాలుగు, అయిదు. ఒకసారి మళ్ళీ చెప్పించుకుంటే మూడు. అంతకన్నా తక్కువైతే అక్కడ ప్రమాదంలో ఉన్న మనిషికి ఆ సెట్టు ఉన్నా లేనట్టే. రెండు వైపుల మార్కులూ విడివిడిగా రాయండి. నా జీపు కథలో తేడా వచ్చింది అక్కడే. కంట్రోల్ గొంతు అయిదు మార్కులతో వినిపించినా, తిరుగు జవాబుకు సున్నా రావచ్చు.

హ్యాండ్‌సెట్టును చేత్తో పైకెత్తి పట్టుకుని కొలిచి సంతోషపడకండి. పనిలో ఉన్న మనిషి నడుముకు తగిలించుకుంటాడు, శరీరమే సంకేతాన్ని అడ్డుకుంటుంది. నడుముకు పెట్టుకునే కొలవండి.

విశాఖలో నేను తప్పక వెళ్ళమనే చోట్లు కొన్ని ఉన్నాయి. యారాడ గ్రామం కొండ చాటున ఉంది, నగరం వైపు నుంచి వచ్చే సంకేతానికి ఆ కొండే గోడ. అడవివరం సింహాచలం కొండకు అవతల. మధురవాడ వెళ్ళే దారిలో కంబాలకొండ అడ్డం. పాతనగరం సందుల్లో మేడల మధ్య, పెద్ద ఆసుపత్రుల నేలమాళిగల్లో, చేపల రేవు జెట్టీ చివర, భీమిలి బీచ్ రోడ్డు మలుపుల్లో కొలవండి. ఒకసారి వానలో కూడా తిరగండి. అమెరికా కౌంటీల ఒప్పందాల్లో, విస్తీర్ణంలో 95 శాతం చోట్ల మాట అర్థం కావాలని తరచూ రాయించుకుంటారు. మన ఒప్పందంలో శాతంతో పాటు ఊళ్ళ పేర్లు కూడా రాయించాలని నా పట్టుదల. 95 శాతం వచ్చిందని బిల్లు చెల్లించాక, మిగిలిన అయిదు శాతంలో యారాడ ఉంటే ఆ ఊరివాళ్ళకు మీరు ఏం చెబుతారు?

కొండ, మాస్టు, కేబుల్

వాకీటాకీలు వాడే రెండు పౌనఃపున్య శ్రేణులు వీహెచ్ఎఫ్, దానికి పైదైన యూహెచ్ఎఫ్. వీటి సంకేతాలు దాదాపు చూపు మేరకే వెళతాయి. లెక్క సులభం. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో దాని దిగంతం వస్తుంది. నేల మీద నిలబడ్డ మనిషి చేతి సెట్టుకు అది సుమారు 5 కిలోమీటర్లు. 150 మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నాకు 50 కిలోమీటర్లు. మేడలు, చెట్లు, కొండలు ఇందులో చాలా భాగం తినేస్తాయి. అయినా ఎత్తు విలువ ఎంతో ఈ అంకెలే చెబుతాయి. పది వాట్లు పెంచడం కన్నా పది మీటర్లు పెంచడం మేలని మా పెద్ద మెకానిక్ గారు అనేవారు.

విశాఖకు ఒక కొండ చాలదు. ఒక్క కొండ మీది రిపీటర్‌తో, అంటే అందిన మాటను బలం పెంచి మళ్ళీ ప్రసారం చేసే యంత్రంతో, నగరం, ఉత్తర తీరం బాగా అందినా, కొండల చాటు ఊళ్ళు మిగిలిపోతాయి. కనీసం రెండు చోట్ల రిపీటర్లు పెట్టి, ఒకటి పడిపోతే రెండోది కొంత భాగాన్నైనా మోసేలా చూడండి. ఆ రెండింటినీ కలిపే లంకె సెల్ కంపెనీ తీగల మీద ఆధారపడితే తుపాను రోజున రెండూ విడిపోతాయి. సొంత రేడియో లంకె ఉండాలి.

ఎత్తుకు గాలి శత్రువు. గాలి వేగం రెట్టింపైతే అది నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. హుద్‌హుద్ గాలులు గంటకు 170–180 కిలోమీటర్లు. గంటకు 90 కిలోమీటర్ల గాలికి నిలిచిన మాస్టు ఆ రోజు నాలుగింతలు బలాన్ని మోయాలి. డిజైను కాగితం మీద ఏ గాలి వేగానికి లెక్క వేశారో అంకె రాయించుకోండి. "తుపానును తట్టుకుంటుంది" అన్న వాక్యానికి విలువ లేదు.

ఇక కేబుల్. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎవరూ రాయరు. ప్రతి 3 డెసిబెల్‌ల నష్టానికి శక్తి సగమవుతుంది. సన్నని ఆర్‌జీ-58 కేబుల్ 30 మీటర్లు వేస్తే 150 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 6 డెసిబెల్‌లు పోతాయి. మీరు కొన్న 25 వాట్లలో యాంటెన్నాకు చేరేది దాదాపు 6 వాట్లే. మంచి లావు కేబుల్, ఎల్ఎంఆర్-400 తరగతిది వేస్తే నష్టం 1.5 డెసిబెల్‌లకు తగ్గి, 17 వాట్లు పైకి వెళతాయి. యూహెచ్ఎఫ్‌లో నష్టం ఇంకా ఎక్కువ. పాత కేబుల్‌కు కొత్త సెట్టు తగిలించడమంటే చిల్లు కుండలో మంచినీళ్ళు పోయడమే.

సముద్రపు గాలిలోని ఉప్పు కనెక్టర్లను తినేస్తుంది. కనెక్టర్ బిగించాక, సాగదీసి చుడితే తనకు తానే అతుక్కుని ముద్దయ్యే రబ్బరు టేపు చుట్టండి. దాని మీద మామూలు ప్లాస్టిక్ టేపు చుట్టండి. చుట్టు కింది నుంచి పైకి సాగాలి, ఇంటి పెంకుల్లాగ పై పొర కింది పొర మీద పడాలి. కేబుల్ గదిలోకి దూరే ముందు కిందికి ఒక వంపు ఇవ్వండి, వాన నీరు ఆ వంపు దగ్గరే జారిపోతుంది. పిడుగు రక్షణ, మంచి ఎర్తింగ్ తప్పనిసరి. పంపిన శక్తి యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి వస్తోందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెట్టి చూస్తే 1.5 లోపు ఉండాలి. 3 చూపిస్తే పంపిన శక్తిలో నాలుగో వంతు వెనక్కి వస్తోందన్నమాట. ఆ అంకెను తేదీతో సహా గది గోడ మీద రాసి పెట్టండి. ఆరు నెలల తరువాత అంకె పెరిగితే, వాన రాకముందే మనిషిని పైకి పంపండి. మా గోడ మీద అలాంటి అంకె ఒకటి ఉండి ఉంటే ఆ మూడు గంటలు ఉండేవి కావు.

మూడు రోజుల కరెంటు

హుద్‌హుద్ తరువాత మా కంచరపాలెం ఇంటికి కరెంటు రావడానికి వారం పట్టింది. రిపీటర్ గదికి జనరేటర్ ఉందని నిశ్చింతగా ఉండకండి. చెట్లు పడిన ఘాట్ దారిలో డీజిల్ ఎవరు మోసుకెళతారు?

బ్యాటరీ లెక్క ఇలా వేయండి. 25 వాట్ల రిపీటర్ ప్రసారం చేసేటప్పుడు సుమారు 8 ఆంపియర్లు లాగుతుందనుకుందాం, ఊరకే వింటున్నప్పుడు అర ఆంపియర్. విపత్తులో అది సగం సమయం మాట్లాడుతూనే ఉంటుంది. సగటున సుమారు 4.25 ఆంపియర్లు. 72 గంటలకు 306 ఆంపియర్ అవర్లు. లెడ్ ఆసిడ్ ట్యూబులర్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయువు తగ్గుతుంది కాబట్టి మీకు 600కు పైగా కావాలి. అంటే ఇళ్ళలో ఇన్వర్టర్‌కు పెట్టే 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు అయిదు. "బ్యాకప్ ఉంది" అని కొటేషన్‌లో రాసిన చోట ఒక్క 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కనిపించడం నేను చూశాను. అది సురక్షితంగా 12 గంటలు కూడా రాదు. సౌర పలకలు తోడు పెట్టండి. కానీ తుపాను మబ్బుల్లో వాటి మీద ఆశ పెట్టుకోకండి. ఎండ వచ్చిన నాలుగో రోజుకు అవి ఉపయోగపడతాయి.

హ్యాండ్‌సెట్ బ్యాటరీ గురించి కూడా ఒక సంగతి తెలుసుకోండి. పెట్టె మీద రాసే గంటలు, నూరు వంతుల్లో 5 మాట్లాడటం, 5 వినడం, 90 ఊరకే ఉండటం అన్న లెక్క మీద వేసినవి. విపత్తులో ఎవరూ అంత మౌనంగా ఉండరు. మనిషికి రెండు బ్యాటరీలు ఇవ్వండి, ప్రతి దాని మీదా కొన్న నెల, సంవత్సరం రాయండి, పట్టు తగ్గినదాన్ని జాలిపడకుండా తీసేయండి.

అనలాగా, డిజిటలా

అందరూ ముందు అడిగేది ఇదే. నేను ఇంతసేపు దీన్ని ఆపింది, పైవి కుదరకపోతే ఈ ప్రశ్నకు అర్థం లేదు కాబట్టి.

డిజిటల్‌లో లాభాలు నిజమైనవే. డీఎంఆర్ అనే డిజిటల్ రేడియో పద్ధతిలో 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పులోనే కాలాన్ని ముక్కలు చేసి రెండు సంభాషణలు నడుపుతారు. టెట్రా అనే ఇంకో పద్ధతిలో 25 కిలోహెర్ట్జ్‌లో నాలుగు. ఎవరు మాట్లాడుతున్నారో సెట్టు మీద కనిపిస్తుంది. ఆపద మీట ఉంటుంది, మనిషి ఉన్న చోటు తెలుస్తుంది. పెద్ద వ్యవస్థల్లో ట్రంకింగ్ పెడతారు. బ్యాంకులో అయిదు కౌంటర్లకు అయిదు వరసలు కాకుండా ఒకే వరస పెట్టి, ఖాళీ అయిన కౌంటరుకు పంపినట్టు, ఏ ఛానల్ ఖాళీగా ఉంటే దానికి సంభాషణను వ్యవస్థే పంపుతుంది.

అయితే రెండు హెచ్చరికలు. పాత అనలాగ్ పద్ధతిలో సంకేతం బలహీనపడుతుంటే గరగర పెరుగుతుంది, హద్దుకు వచ్చామని మనిషికి తెలిసి వెనక్కి అడుగు వేస్తాడు. డిజిటల్ హద్దు దాకా శుభ్రంగా వినిపించి, ఆ తరువాత ఒక్కసారిగా తెగిపోతుంది. పొగ నిండిన గదిలో ఉన్న మనిషికి ఆ తేడా చాలా పెద్దది. రెండోది, డిజిటల్ సెట్టు మనిషి గొంతును అంకెలుగా మార్చే పద్ధతి మనిషి గొంతు కోసమే తయారైంది. పక్కన రంపపు మోటారు మోగుతుంటే మాట చితికిపోతుంది. తుపాను తరువాత వారం రోజులు ఊరంతా ఆ మోటార్ల మోతే. అందుకే మంటల దగ్గర, చెట్లు కోసే చోట పక్కపక్కనే పనిచేసేవాళ్ళకు రిపీటర్ అవసరం లేని నేరు ఛానల్ ఒకటి విడిగా ఉంచండి, దాన్ని అనలాగ్‌లోనే ఉంచడం నా సలహా. కొండ మీది రిపీటర్ కూలినా ఆ ఛానల్ పనిచేస్తుంది. ప్రతి సెట్టులోనూ అది ఒకే అంకె మీద ఉండాలి, చీకట్లో చేత్తో తిప్పి తెలుసుకునేలా. నేనైతే ఒకటో అంకెనే దానికి ఇస్తాను.

సెల్ నెట్‌వర్కు మీద నడిచే వాకీటాకీ యాప్‌లు మామూలు రోజుల్లో సౌకర్యమే. 2014లో ఆ మధ్యాహ్నం మా చేతుల్లో సెల్‌ఫోన్లూ ఉన్నాయి, ఒక్కటీ పలకలేదు. వాటిని అదనంగా వాడండి, ఆధారంగా వద్దు.

ఆపద మీట సంగతి. దాన్ని నొక్కితే ఎవరి బల్ల మీద మోగుతుంది, వాళ్ళు ఎన్ని క్షణాల్లో ఏం చేయాలి, ఇవి రాసి అంటించకపోతే ఆ మీటను పనిచేయించకండి. సాయం వస్తుందని నమ్మి నొక్కిన మనిషిని మోసం చేసినట్టవుతుంది.

రసాయన పరిశ్రమల వైపు వెళ్ళే సిబ్బందికి మామూలు సెట్లు ఇవ్వవద్దు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురాన్ని కమ్మిన స్టైరీన్ ఆవిరి ఊపిరికే కాదు, నిప్పురవ్వకు కూడా ప్రమాదమే. మండే వాయువులో రవ్వ పుట్టనివ్వని ధ్రువీకృత సెట్లు, వాటికి సరిపోయే ధ్రువీకృత బ్యాటరీలే ఉండాలి. ముఖానికి మాస్కు ఉన్నప్పుడు మాట అర్థం కావడానికి తగిన మైకు కూడా కొని, మాస్కుతోనే పరీక్షించండి.

అనుమతులు

టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ విభాగం నుంచి పౌనఃపున్యాల కేటాయింపు, లైసెన్సు, మాస్టు స్థలానికి సాక్ఫా, అంటే మాస్టు విమానాలకూ ఇతర రేడియోలకూ అడ్డం కాదని చూసే కమిటీ, అనుమతి కావాలి. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టాలి. విమానాశ్రయం, నౌకాదళం ఉన్న నగరం మనది. మాస్టు ఎత్తు విషయంలో తొందరపడి ముందు నిలబెట్టి తరువాత అడగకండి. కాగితాలకు నెలలు పడతాయి కాబట్టి చార్టు పని మొదలైన రోజే ఇదీ మొదలుపెట్టండి.

స్వచ్ఛంద బృందాలకు ఒక మాట. ఆన్‌లైన్‌లో చౌకగా దొరికే సెట్లు కొని పోలీసు పౌనఃపున్యాలు ఎక్కించుకోవడం నేరం, పైగా ప్రమాదంలో ఉన్నవారి మాటకు అడ్డం. అలాంటి అమ్మకాల మీద 2025లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు కూడా తెచ్చింది. ఆసక్తి ఉంటే అమెచ్యూర్ రేడియో (హామ్) పరీక్ష రాసి లైసెన్సు తీసుకోండి, 144–146 మెగాహెర్ట్జ్ మీకోసమే ఉంది. అలాంటివారి జాబితాను జిల్లా కంట్రోల్ రూమ్ దగ్గర ఉంచుకోవాలి.

ఇంకొకటి, సముద్రం. పడవల వాళ్ళు ఆపదలో పిలిచేది మెరైన్ వీహెచ్ఎఫ్ 16వ ఛానల్‌లో, 156.8 మెగాహెర్ట్జ్. మీరు కొనే జిల్లా సెట్టు ఆ ఛానల్‌ను దానంతట అది వినదు. తీర మండలాలకు బాధ్యత వహించే కంట్రోల్ రూమ్‌లో, తగిన అనుమతితో, ఒక మెరైన్ సెట్టు రాత్రింబగళ్ళు తెరిచి ఉండాలి.

తెలుగులో మాట్లాడటం నేర్పండి

శిక్షణ అంటే మీటలు చూపించడం అనుకుంటారు. మీటలకు ఒక పూట చాలు. మాటకు చాలా రోజులు కావాలి.

గరగరలో "ఇరవై", "అరవై" ఒకేలా వినిపిస్తాయి. "పదహారు", "పదిహేడు" కూడా. అంకెలు విడివిడిగా చెప్పించండి: రెండు, సున్నా. ఆరు, సున్నా. విన్నవారు తిరిగి చెప్పాలి. ఊరి పేరు ఒక్కటే చెప్పడం చాలదు. మన ప్రాంతంలో వెంకటాపురాలు ఎన్నో. ఊరి పేరుతో పాటు పక్కన ఉన్న కూడలో, గుడో, వంతెనో చెప్పడం అలవాటు చేయండి.

మీట నొక్కి ఒక క్షణం ఆగి మాట్లాడాలి. రిపీటర్ మేలుకోవడానికి ఆ క్షణం కావాలి. లేకపోతే మొదటి మాట తెగుతుంది. "వద్దు, పిలిచాకే లోపలికి రండి" అన్న మాటలో "వద్దు, పిలిచాకే" తెగిపోతే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే నేను నిషేధాన్ని మాట చివర కూడా మళ్ళీ చెప్పిస్తాను. "ఆగండి, లోపలికి రాకండి, ఆగండి." ముందు ఎవరిని పిలుస్తున్నామో, తరువాత మనమెవరో చెప్పాలి. ఎక్కడ, ఏం జరిగింది, ఏం కావాలి, అంతే. నోటికి నాలుగు వేళ్ళ దూరంలో సెట్టు పెట్టుకుని మామూలు గొంతుతో మాట్లాడాలి. అరిస్తే మాట పగిలిపోతుంది.

ఒక్కో శాఖకు ఒక్కో సంకేత భాష ఉంటుంది. అమెరికాలో కూడా అంకెల సంకేతాలు శాఖ శాఖకూ వేరుగా ఉండి గందరగోళం రావడంతో, 2006 నుంచి పలు శాఖలు కలిసి పనిచేసే చోట మామూలు భాషే వాడాలని కేంద్ర నిధులకు షరతు పెట్టారు. మన ఉమ్మడి ఛానల్‌లో సాదా తెలుగు ఉండాలి. హోంగార్డుకు, అంబులెన్సు డ్రైవరుకు, పడవ సరంగుకు ఒక్కసారికే అర్థమయ్యే తెలుగు. సెట్టు మెనూ ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి ఛానల్ పట్టికను తెలుగులో అచ్చు వేయించి, ప్లాస్టిక్ తొడుగు వేసి, ప్రతి సెట్టుకూ దారంతో కట్టండి. రాత్రి డ్యూటీ వాళ్ళకు శిక్షణ రాత్రే ఇవ్వండి. పగలు పిలిస్తే నిద్రమత్తులో వచ్చి సంతకం పెట్టి వెళతారు, అది వాళ్ళ తప్పు కాదు.

ఇప్పుడు కొనండి

ఇంత అయ్యాక ఎన్ని సెట్లు, ఏ రకం కావాలో మీకే తెలుస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. మూడు నమూనాలు తెప్పించి, మీ నోటుపుస్తకంలో రెండు మార్కులు వచ్చిన చోట్లకు తీసుకెళ్ళి చూడండి. చేతి తొడుగులతో మీట నొక్కగలుగుతున్నారో లేదో గొట్టం పట్టే మనిషినే అడగండి, కొనుగోలు గుమాస్తాను కాదు. ప్రోగ్రామింగ్ కేబుల్, సాఫ్ట్‌వేర్, పాస్‌వర్డు మీ చేతికి రాకుండా చివరి చెల్లింపు చేయకండి. ఒక్క ఛానల్ మార్చడానికి సరఫరాదారు మనిషి కోసం మూడు నెలలు ఎదురుచూసిన చోటు నాకు తెలుసు.

మార్పు కాలం కూడా ముఖ్యం. మన తీరానికి అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. జనవరిలో కొలతలు పూర్తి చేసి, మార్చి, ఏప్రిల్‌లలో కొండ మీది పని ముగించి, జూన్ దాకా పాత, కొత్త వ్యవస్థలు రెండూ పక్కపక్కన నడపండి. పాత సెట్లు తిరిగి ఇచ్చేయమని ఒత్తిడి వస్తుంది. రెండు నెలలు ఎవరికీ ఇవ్వకండి. ఈ మధ్యలో ఒక రోజు రిపీటర్‌ను చెప్పకుండా ఆపేసి, ఎంతమంది నేరు ఛానల్‌కు మారారో లెక్కపెట్టండి. కంట్రోల్ రూమ్‌కూ పెద్ద అధికారికీ మాత్రం ముందే చెప్పి ఉంచండి, నిజమైన ఆపద వస్తే వెంటనే మళ్ళీ కలపడానికి కొండ మీద మనిషి ఉండాలి. మొదటిసారి సగం మంది కూడా మారరు. మందలించకండి, వచ్చే నెల మళ్ళీ ఆపండి.

ప్రతి సోమవారం పది గంటలకు హాజరు పిలవండి. కేంద్రాల పేర్లు ఒక్కొక్కటిగా: భీమిలి, ఆనందపురం, మధురవాడ, అడవివరం, పెందుర్తి, గాజువాక, చేపల రేవు, యారాడ. బేస్ సెట్లతో కాదు, హ్యాండ్‌సెట్లతో జవాబివ్వమనండి. రెండు వైపుల మార్కులూ పుస్తకంలో రాయండి. యారాడ పలకకపోతే "సంకేతం లేదు" అని రాసి పుస్తకం మూసేయకండి. మనిషిని బండి మీద పంపండి. అతను సెట్టు, బ్యాటరీ, కనెక్టర్ చూసి, అదే చోట నిలబడి మళ్ళీ పిలవాలి. ఆ పిలుపు వినిపించిన సమయం రాశాకే ఆ సోమవారం హాజరు పూర్తయినట్టు సంతకం పెట్టండి.